కాపరి మోకాలు, సారు బెల్టు

మీ ఊరి గురించి ఒక్క అబద్ధమూ ఆడకుండా, వినేవాడు ఆవులించకుండా, అరగంట మాట్లాడగలరా?

గలమని వెంటనే చెయ్యెత్తినవాళ్లు ఇక్కడితో ఆపి ఎన్నికల్లో నిలబడండి. అంత ధైర్యంగా కోతలు కోసేవాళ్లకు అక్కడ మంచి గిరాకీ ఉంది. చెయ్యి ఎత్తాలా వద్దా అని తడుముకున్నవాళ్లు మాత్రం ఉండండి. మీరే ఈ పనికి పనికొస్తారు. నేను అనంతపురం జిల్లాలో పర్యాటకుల్ని వెంటబెట్టుకుని తిరిగే గైడుగా పనిచేసి రిటైరైన మనిషిని. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరుతున్న మీకు కొన్ని సంగతులు చెప్పాలి. ట్రెయినింగులో ఇవి చెప్పరు. చెప్పేవాళ్లకు ఎండలో నడిచే అలవాటు లేదు.

గైడుకు మొదటి శత్రువు కథ

మా నాయన నన్ను చిన్నప్పుడు జాతరలకు తీసుకుపోలేదు, వాదాలకు తీసుకుపోయాడు. దేవుడు ఉన్నాడని ఒకరు, లేడని ఒకరు బడి ఆవరణలో బల్లల మీద నిలబడి గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకునేవాళ్లు. ఆ సభలకు ఒక నియమం ఉండేది. ఎదుటివాడి మాటను ముందు వాడికన్నా బాగా చెప్పాలి. వాడు "అవును, నేనన్నది అదే" అన్నాకనే ఖండించాలి. ఆ నియమం నాకు తిండి పెట్టింది. తిట్లు కూడా తినిపించింది.

తొంభైల చివర నన్ను లేపాక్షిలో వేశారు. అక్కడి వేలాడే స్తంభం మీకు తెలుసు. వచ్చినవాళ్లంతా దాని కింద ఒకవైపు నుంచి తువ్వాలు దూర్చి ఇంకోవైపు నుంచి లాగుతారు. నేను వాళ్లను ఆపి, "ఒక మూల నేలకు ఆనుకునే ఉంది, వంగి చూడండి. పైన బరువును మిగతా స్తంభాలు ఎట్లా పంచుకున్నాయో తలెత్తి చూడండి" అనేదాన్ని. మడకశిర వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె నా ప్రసంగమంతా ఓపిగ్గా విని అడిగింది.

"బరువు సంగతి ఎవురికి కావల్లమ్మా? బట్ట దూరితే మా పాపకు పెండ్లి అయితాదా, కాదా? అది చెప్పు."

"బట్ట దూరితే బట్టకు దుమ్ము అంటుతుందమ్మా. అంతవరకే నాది పూచీ."

ఆమె పకపకా నవ్వింది. మూట విప్పి నాకు చిత్రాన్నం పెట్టింది. ఆమె వెనక నిలబడిన మర్యాదస్థుడు మాత్రం నవ్వలేదు. ఆయన మా పెద్దసారుకు ఫిర్యాదు పెట్టాడు: ఆ గైడమ్మకు దేవుడి మీద ఏదో సొంత కక్ష ఉన్నట్టుంది అని.

మా పెద్దసారు చెడ్డవాడు కాడు. ఆయనకు రిబ్బను కత్తిరించడం అంటే ఇష్టం, మనుషులంటే కొంచెం భయం. నన్ను పిలిచి, "నీకు దేవుళ్లు లేని దారి ఒకటి ఇస్తా, ఆడ నీ ఇష్టం వచ్చినట్లు మాట్లాడుకో" అన్నాడు. శిక్ష అని ఆయన అనుకున్నాడు. నేను పండగ అనుకున్నాను. ఇద్దరమూ పొరబడ్డాం.

గోడలన్నీ బుక్కయిన ఊరు

పెద్దసారు ఎక్కడో సమావేశానికి వెళ్లి రంగు రంగుల ఫొటోలు చూసి వచ్చాడు. పాత పట్నం, గోడల మీద బొమ్మలు, పక్కనే కాలువ. మూడింటినీ కలిపి ఒక నడకదారి గీస్తే జనం డబ్బిచ్చి మరీ నడుస్తారట. ఆ ఫొటోల్లో కాలువ నిండా పడవలు. మన కాలువలో ఏడాదిలో ఎక్కువ రోజులు గొర్రెలు పోతుంటాయి. ఎండిన కాలువకన్నా చదునైన రోడ్డు ఆ చుట్టుపక్కల లేదు మరి.

దారికి ఎంచుకున్నది ఉరవకొండకు అంత దూరం కాని ఒక పాత కోట ఊరు. పేరు చెప్పను. ఈ కథలో మీసం ఉన్న మనిషి ఒకాయన వస్తాడు, ఆయన ఇంకా ఆరోగ్యంగా ఉన్నాడని విన్నాను. కూలిన కోటగుమ్మం దగ్గర మొదలై, పట్టుమగ్గాల వీధి దాటి, కాలువ కట్ట మీదికి చేరడంతో మా నడక ముగుస్తుంది. పాత ఊరు ఉంది, కాలువ ఉంది. బొమ్మలు కావాలి. బొమ్మలకు గోడ కావాలి.

మగ్గాల వీధిలో ఒకాయన గోడ తెల్లగా, పొడుగ్గా కనబడింది.

"అన్నా, ఈ గోడ ఖాళీగానే ఉంది కదా, బొమ్మ గీయించుకుంటాం" అన్నాను.

"ఖాళీ యాడుండాదమ్మా? సదవడం రాదా నీకు?" అని ఆయన మూలకు చూపించాడు. నీలిరంగుతో ఒక పార్టీ పేరు, పక్కన వచ్చే ఎన్నికల దాకా ఈ గోడ మాది అని రాత. "ఆ పక్క గోడ ఎదుటి పార్టీది. ఈ సందులో గోడ ఎవురిదని అడిగితే ఇంటాయన పేరు సెప్పరు, పార్టీ పేరు సెప్తారు."

ఊరంతా తిరిగాను. కోటగోడతో సహా అన్నీ బుక్కయిపోయాయి. బొమ్మలు గీయడానికి కుదుర్చుకున్న ఖాదర్ నా వెంటే తిరిగాడు. ఖాదర్ సినిమా హాళ్లకు కటౌట్లు గీసే పెయింటరు. ఫ్లెక్సీలు వచ్చి అతని కుంచెలను ఎండబెడుతున్న రోజులవి. పని తగ్గినకొద్దీ అతని గొప్పలు పెరిగాయి.

"నేను గీసిన హీరోకు పాలాభిషేకం జేసినారు మేడం. ఖాదర్ బొమ్మకు దండం పెట్టని పిల్లోడు ఈ తాలూకాలో లేడు."

"గోడ సంగతి చూడప్పా ముందు."

అతను నన్ను ఎండిన కాలువలోకి దింపాడు. రెండు పక్కలా ఏటవాలుగా సిమెంటు పూత, కనుచూపు మేర ఒక్క అక్షరం లేదు. "ఈడ ఎవుడూ రాయడు. కాలువలో ఓటర్లు ఉండరు గదా" అన్నాడు ఖాదర్. అతని జీవితంలో అతను అన్న తెలివైన మాట అదొక్కటే. దాన్ని తర్వాత ఏళ్లపాటు నాకు గుర్తుచేస్తూ వచ్చాడు.

కాలువ ఇంజనీరును అడిగాం. మీసం ఒక కొస పైకి, ఒక కొస కిందికి ఉండే మనిషి. "గీసుకోండమ్మా, నీళ్లొస్తే మునిగేది మీ బొమ్మలే, నాకేం" అన్నాడు.

ఇక దేవుడి పేచీ వచ్చింది. ఒక్క దేవుణ్ణయినా గీయించకపోతే జనం అక్కడ ఒంటేలుకు కూర్చుంటారని పెద్దసారు. నాయన నియమం ప్రకారం ఆయన వాదాన్ని ముందు నేను చెప్పాను: "అంటే ఈ ఊళ్లో దేవుడి పని మరుగుదొడ్డి లేని లోటు తీర్చడం. అంతే కదా సార్?" అవునని ఆయన తల ఊపి, ఊపాక ఆలోచనలో పడ్డాడు. దేవుడు రద్దయ్యాడు. మగ్గం మీద మనిషి, చెనక్కాయలు చెరిగే ఆడవాళ్లు, బ్యాండుమేళం, చివర్లో కంబళి కప్పుకున్న గొర్రెల కాపరి. కాపరి నిలువెత్తు మనిషి. పాదాలు కాలువ అడుగున, తలపాగా కట్ట అంచున.

మోకాలికి వచ్చినాయి

ప్రపంచంలో కాలువ తెరిస్తే మూతపడే బొమ్మల కొలువు మాదొక్కటే. నీళ్లు వదిలిన రోజు మగ్గం మునిగింది, చేటలు మునిగాయి. నడకకు వచ్చిన అయ్యవార్ల గుంపు నిరాశపడింది. నేను మాత్రం కట్ట మీద చేరిన రైతుల మాటలు వింటున్నాను.

"కాపరికి యాడికొచ్చినాయప్పా?"

"మోకాలు తడిసింది. ఆడికే నిలిచినాయి."

వాళ్లెవరూ బొమ్మను బొమ్మగా చూడడం లేదు. వాళ్లలో ఒకామె నా దగ్గరికి వచ్చింది. పేరు సుంకమ్మ. ఆ కాలువ మీద ఆఖరి ఊరు ఆమెది. తూము కింద చెనక్కాయ వేసింది.

"నువ్వేనా ఈ గొల్లాయప్పను గీయించింది? నీ పుణ్యమా అని ఇప్పుడు మాకు దూరం నుంచే తెలస్తాండాది. వాని రొమ్ము తడిస్తే మా తూముకు నీళ్లెక్కుతాయి. మోకాలు తడిస్తే ఎగువోళ్ల చేన్లే తాగుతాయి, మాకు తడి మన్ను వాసన కూడా రాదు."

"ఇప్పుడు నీ చేను ఎట్లా ఉంది?"

"ఊడలు దిగుతాండాయక్కా, అవి మన్నులో దిగితేనే కాయ. ఒక్క తడి, ఒగే ఒక్క తడి కావల్ల. పోయినేడు వాన ముంచింది, అంతకు ముందేడు వానే రాల్యా. ఈసారీ పోతే ఎద్దులమ్మేసి బెంగుళూరుకు బేల్దారి పనికి పోయేదే."

ఇంతలో ఇంజనీరు జీపు వచ్చింది. రైతులు చుట్టుకున్నారు. పూర్తి మట్టంతో నీళ్లు వదిలామని, చివరి ఊరి దాకా పోయాయని ఆయన చెప్పాడు.

సుంకమ్మ అడిగింది. "పోయింటే మా ఊరికి రావల్ల గదా సార్? యాడ పోయినాయి?"

"ఎండలకు ఇంకిపోయింటాయి."

"కాపరి మోకాలి పైన ఒక్క సుక్క అంటల్యా. తిరిగి సూడు సార్."

"నా కొలబద్ద మాట వినాలా, గోడ మీద బొమ్మ మాట వినాలా?"

"నీ కొలబద్ద ఆడ, కాలువ మొదట్లో ఉండాది. మేము ఈడ ఉండాము. ఈడున్నోని మాటే ఇను."

జనం నవ్వారు. ఎగువన ఎవరి మోటార్లు కాలువలో పడి తాగుతున్నాయో, అవి ఎందుకు ఆగవో ఆ నవ్విన అందరికీ తెలుసు. ఇంజనీరు మీసం రెండు కొసలూ కిందికి వాలాయి. ప్రభుత్వ కట్టడం మీద బొమ్మలు గీయడం నేరమని, ఈ విడత నీళ్లు ఆగిన వెంటనే సున్నం కొట్టిస్తానని చెప్పి జీపెక్కాడు.

దేవుడైతే కొలవరు

నీళ్లు ఆగాయి. సున్నం బకెట్లతో మనుషులు కాలువలో దిగారు. దిగినవాళ్లు దిగినట్టే బకెట్లు పక్కన పెట్టి చేతులు జోడించారు. కాపరి నుదుట కుంకుమ, కాళ్లకు పసుపు, ముందర రెండు కొబ్బరి చిప్పలు! కూలివాళ్లు చెంపలు వేసుకుని బకెట్లతో సహా వెళ్లిపోయారు.

సుంకమ్మ కట్ట మీద కూర్చుని ఆకువక్క నములుతోంది.

"ఎట్లుండాదక్కా?"

"నువ్వు అనేది ఇదేనా?" అని నాయన పద్ధతిలో మొదలుపెట్టాను. "బొమ్మయితే సున్నం కొడతారు. దేవుడైతే ఎవడూ చెయ్యి వేయడు. కాబట్టి దేవుణ్ణి చేశాను అని."

"అదే. శానా బాగా సెప్పినావు."

"ఇప్పుడు నా మాట విను. బొమ్మయితే జనం దాంతో నీళ్లు కొలుస్తారు. దేవుడైతే కొలవరు. రొమ్ముదాకా నీళ్లు వస్తే దయ అంటారు. రాకపోతే కోపం అంటారు. ఇక ఇంజనీరును అడిగేదెవరు?"

"నీకు దేవుడంటే పడదు గాబట్టి అట్లంటాండావు. నీ బొమ్మ నిలిచిందా లేదా? అది సూసుకో."

ఆ పూటకు వాదంలో ఆమే గెలిచింది. బొమ్మ నిలిచింది కదా మరి.

మర్నాడు ఇంజనీరు వచ్చాడు. నేను గొడవ పడతాడనుకున్నాను. ఆయన బూట్లు విప్పి కాలువలో దిగి, తానే ఒక కొబ్బరికాయ కొట్టాడు! పైకి వచ్చి ఎంతో మెత్తగా అన్నాడు. "స్వామి ఎంత కళగా ఉన్నాడు సుంకమ్మా! ఇంత మహిమ గలవాడు రొమ్ముదాకా ఎందుకు తడవనన్నాడో. మీ ఊరోళ్ల వల్ల ఏమన్నా అపచారం జరిగిందేమో కనుక్కోండి."

ఆయనకు నేను మనసులో దండం పెట్టాను. బల్ల మీద నిలబడి వాదించిన ఏ పండితుడిలోనూ అంత తెలివి చూడలేదు.

అంతటితో ఆగలేదు. కాలువలో ఇటుక పెడితే కేసు పెట్టే మనిషి, స్వామికి గద్దె ఉండాలని మేస్త్రీని పంపించాడు. గద్దె కాపరి నడుము దాకా లేచింది. మోకాళ్లు పోయాయి, తొడలు పోయాయి. నీళ్లు ఎంత తక్కువ వచ్చినా గద్దె చుట్టూ తిరిగి పోతాయి, ఎవరికీ ఏమీ తెలియదు. ఇక మా పెద్దసారు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నడకదారికి జనం పెరిగారు, చెప్పులు విడిచి వస్తున్నారు. దేవుళ్లు లేని దారి అని నాకు అప్పగించిన దారి చివర దేవుడు, దేవుడి పక్కన వ్యాఖ్యానం చెబుతూ నేను. మా నాయన ఉంటే నన్ను సభ నుంచి బయటికి పంపేవాడు.

మొక్కబుద్ధి కానివాడు

రెండో విడత నీళ్లకు ముందు సుంకమ్మ మళ్లీ వచ్చింది. చేతిలో ఒక చెనక్కాయ మొక్క. ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి, ఊడలు మన్నును అందుకోలేక గాలిలో ఎండుతున్నాయి. ఆమె కాలువలో దిగి గద్దె ఎక్కి నిలబడి, కొంగుతో కాపరి నుదుటి కుంకుమ తుడిచేసింది.

"సామీ, ఈ పని నీకు సేతగాల్యా. గొర్రెలు కాసుకో, పో" అని, నావైపు తిరిగింది. "నువ్వు సెప్పిందే అయిందక్కా. ఎగతాళి సెయ్యాలంటే సెయ్యి."

"ఎగతాళి చేసే టైము లేదు. కాలువ ఎదురుగోడ ఖాళీగా ఉంది. ఎవరూ మొక్కని మనిషి ఒకడు కావాలి."

నా వెంట వచ్చిన ఖాదర్ గొంతు సవరించుకున్నాడు. "నన్ను నేనే గీసుకుంటా మేడం."

సుంకమ్మ వదల్లేదు. "నీ బొమ్మంటే పిల్లోళ్లు దండం పెడతారని నువ్వే సెప్పుకుంటివి గదన్నా. ఇంగెవుడైనా ఉండాడా? సూస్తే సెయ్యెత్తి మొక్కబుద్ధి కానోడు?"

ముగ్గురం ఆలోచించాం. తర్వాత ముగ్గురం ఒకేసారి జీపు వచ్చే దారివైపు చూశాం.

ఎదుటి గోడ మీద ఖాదర్ ఒక ఆఫీసరును గీశాడు. నిగనిగలాడే నల్ల బూట్లు, ఇస్త్రీ మడత నలగని ప్యాంటు, ఇత్తడి బకిలు ఉన్న బెల్టు, చొక్కా జేబులో పెన్ను, చంకలో ఫైలు. పేరు లేదు. మీసం ఒక కొస పైకి, ఒక కొస కిందికి. మీసం పెట్టమని నేను చెప్పలేదు. కళాకారుడి స్వేచ్ఛలో నేను ఎన్నడూ వేలు పెట్టలేదు.

పెద్దసారు వచ్చి చూసి, "ఎవరిదమ్మా ఇది?" అన్నాడు అనుమానంగా.

"ప్రజాసేవకుడిది సార్."

దాన్ని తీసేయమని ఏ ఆఫీసరూ అనలేడు. ఆయనా అనలేదు.

నీళ్లు వదిలారు. ఉదయం నేను నడకకు వచ్చినవాళ్లను తీసుకుని కట్టకు చేరేసరికి జాతరలా ఉంది.

"బూట్లు మునిగినాయిరో!"

"ఎక్కుతాండాయి, ఎక్కుతాండాయి... ఆగినాయి. మోకాలికి ఆగినాయి."

అప్పుడు వెనక నుంచి ఎవరో అన్నారు. "ఏమప్పా, సారు ప్యాంటు తడుపుకున్నాడే! ఏం జూసి బెదురుకున్నాడో?"

ఆ మాట మధ్యాహ్నానికి టీ అంగడికి చేరింది, సాయంత్రానికి మంగలి షాపుకు. ఇంజనీరు ఏ వీధిలో జీపు దిగినా పిల్లలు ఆయన ముఖం చూడడం మానేసి ప్యాంటు చూడడం మొదలుపెట్టారు. ఇంటి నుంచి కూడా ఏదో మాట పడిందని ఖాదర్ చెప్పాడు. ఖాదర్ మాట సగానికి సగం తగ్గించి వినాలి.

మరుసటి రోజు ఇంజనీరు కట్ట మీదికి ఎగిరిపడుతూ వచ్చాడు.

"తుడిపెయ్యండి దాన్ని!"

"ఎందుకు సార్?" అంది సుంకమ్మ అమాయకంగా. "ఎవురిదా బొమ్మ? నీదా?"

 అవునంటే ప్యాంటు తనదే. కాదంటే తుడిపించడానికి కారణం లేదు. ఆయన మీసం పైకి లేచి, కిందికి వాలి, మళ్లీ లేచింది.

"మరి ఈ నవ్వులు ఎప్పుడు ఆగుతాయి?" అన్నాడు చివరికి. పాపం, ఆయన నాతో అన్న నిజమైన మాట అదొక్కటే.

"ప్యాంటు కనబడకపోతే ఎవరు నవ్వుతారు సార్?" అన్నాను. "జేబు దాకా మునిగిపోతే సరి."

జీపు ఎగువకు పోయింది. ఎప్పుడూ ఆగని మోటార్లు ఆ పొద్దు ఆగాయి. నీళ్లు బెల్టు దాటాయి, ఇత్తడి బకిలు మెరిసి మాయమైంది. జేబు తడిసింది, పెన్ను మునిగింది. మొదటిసారి ఆ కట్ట మీద ఎవరూ నవ్వలేదు. సుంకమ్మ ఒక్క క్షణం కూడా నిలబడకుండా తూముకేసి పరుగెత్తింది.

ఆమె పంట మొత్తం బతకలేదు. ఎండిన ఊడలు ఎండినట్టే పోయాయి, మిగతావి కాయ పట్టాయి. ఎద్దులు మాత్రం కొట్టంలోనే ఉన్నాయి, ఆమె బెంగుళూరు బస్సెక్కలేదు. మా నాయన నేర్పిన నియమానికి నేను ఒక మాట కలపాలి. వాదంలో ఓడినవాడు ఇంటికి పోయి హాయిగా అన్నం తింటాడని ఆయనకు తెలియదు. నవ్వులపాలైనవాడు తినలేడు. అయితే ఆ నవ్వు వెనక కొలత ఉండాలి. కొలత లేని నవ్వు వెక్కిరింత, అది ఎవరి చేనుకూ నీళ్లు తేదు.

మీకు ఇచ్చే దారిలో కోట ఉంటుంది, మగ్గం ఉంటుంది, రాజులూ రాణులూ ఉంటారు. వాళ్లను చూపించండి, కాదనను. కానీ మీ దారి పక్కన పారే నీళ్లు ఎవరికి చేరాలో, ఎవరి దగ్గర ఆగుతున్నాయో చూపించలేకపోతే మీరు గైడు కాదు, ఫ్లెక్సీ.

కాబట్టి ఈ వ్యాసం మూసి లేవండి. మీ ఊరి కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో కనుక్కోండి. అంతకు ముందే లోపలికి దిగి, బూట్లూ బెల్టూ జేబూ ఉన్న ఒక మనిషిని నిలువునా గీయించండి. నీళ్లొచ్చిన రోజు ఆఖరి ఊరి రైతుల్ని కట్ట మీద నిలబెట్టి, ఎంతవరకు తడిసిందో గట్టిగా, ఊరంతా వినేలా చదివించండి.